అట్లాంటాలో స్థిరపడితే లాభమెంత, నష్టమెంత?

పదేళ్లుగా న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటున్నామని, అక్కడి ఆస్తిపన్ను భరించలేక అట్లాంటా వైపు చూస్తున్నామని, ఇలాంటి పెద్ద దక్షిణాది నగరంలో బతకడంలో మంచిచెడ్డలు చెప్పమని అడిగారు. 2009 నుంచి ఇక్కడే పడి ఉన్నాను కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను. కాకపోతే మధ్యలో గీత గీసి లాభాలు ఇటు, నష్టాలు అటు రాసే ఓపిక నాకు లేదు. ఆ పట్టిక ఏ రియల్టర్‌ని అడిగినా రంగులద్ది మరీ పంపిస్తాడు.

ముందు అసలు అట్లాంటా అంటే ఏదో తేల్చుకోండి. నగరం హద్దుల్లో ఉండే జనం 2020 లెక్కల్లో 5 లక్షల లోపే. చుట్టూ ఉన్న కౌంటీలన్నీ కలిపితే 60 లక్షలు దాటిపోతుంది. నగరం చుట్టూ 285 అని 64 మైళ్ల రింగు రోడ్డు ఉంటుంది, దాన్ని పెరిమీటర్ అంటారు. దాని లోపల ఉండేవాళ్లు ఐటీపీ, బయట ఉండేవాళ్లు ఓటీపీ. వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన "మీరు ఓటీపీయా?" అనడిగితే నాకు బ్యాంకు వాళ్ల ఫోనే గుర్తొచ్చింది. మనవాళ్లు దాదాపు అందరం ఓటీపీలమే. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమ్మింగ్, సువానీ. వీటిల్లో ఉంటూ ఇండియాలో చుట్టాలకి "అట్లాంటాలో ఉంటున్నాం" అని చెప్పుకుంటాం. డౌన్‌టౌన్ ముఖం ఏడాదికి రెండుసార్లు చూస్తే గొప్ప. రివర్‌డేల్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, చాలా బాగుంటుంది. కానీ అది విమానాశ్రయానికి అవతల దక్షిణాన ఉంది, మనమేమో ఉత్తరాన చేరాం. కమ్మింగ్ నుంచి స్వామి దర్శనానికి వెళ్లాలంటే నగరం మొత్తాన్ని నిలువునా కోసుకుంటూ పోవాలి.

మంచి విషయాలు త్వరగా చెప్పేస్తాను. చెట్లు. ఇంత పెద్ద ఊళ్లో ఇన్ని చెట్లు నేనెక్కడా చూడలేదు. మట్టి ఎర్రమట్టి, వేసవి మన వేసవిలాగే ఉక్కపోత, కాబట్టి గోంగూర, బీర, దోస అన్నీ పెరట్లో విరగకాస్తాయి. జింకలు తినగా మిగిలింది మీకు. గోంగూర మాత్రం ఇంటి ముందు వేయకండి. మా హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం, నుంచి నాకొక ఉత్తరం వచ్చింది, 'వీధిలోంచి కనబడేలా కలుపు పెంచుతున్నారు' అని. కలుపంట! పిల్లల చదువు విషయానికొస్తే, ఇక్కడ జార్జియా రాష్ట్రంలో 1993 నుంచి లాటరీ డబ్బుతో హోప్ స్కాలర్‌షిప్ ఇస్తున్నారు. హైస్కూల్లో బాగా చదివి 3.7 జీపీఏ తెచ్చుకుని, వాళ్లడిగే పరీక్ష మార్కులు కూడా ఉంటే జెల్ మిల్లర్ అని ఇంకా పెద్దది వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ట్యూషన్ ఫీజు వాళ్లే చూసుకుంటారు, హాస్టలూ తిండీ మీరు చూసుకోవాలి. ఎవడో బంకు దగ్గర నిలబడి లాటరీ టికెట్ గీకుతుంటే మన పిల్ల ఫీజు కట్టుకుంటుందన్నమాట. ఆ మనిషిని చూసినప్పుడల్లా నాకు కృతజ్ఞతా, కాస్త సిగ్గూ రెండూ కలుగుతాయి.

ఇంక పుప్పొడి. మార్చి నెలాఖరుకి పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లు, మెట్లు, కుక్కలు అన్నీ పేరంటానికి వెళ్లొచ్చినట్టు పసుపు పూసుకుని కూర్చుంటాయి. గాలిలో ఘనపు మీటరుకి 1500 రేణువులుంటేనే విపరీతం అంటారు. 2025 మార్చి 29న 14,801 నమోదైంది, ఇక్కడ అదే రికార్డు. మా ఆవిడ ఆ వారమంతా ఇంట్లో కూడా మాస్కు పెట్టుకునే తిరిగింది. తుమ్ముల సంగతి ఏ రియల్టరూ చెప్పడు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు చూసుకోవాల్సింది ఒక్కటే. ఇల్లెంత అని కాదు, ఆ ఇంటి చుట్టూ దారేది అని. ఆఫీసుకి పది మైళ్లు దాటి ఇల్లు కొన్నవాడు ఈ ఊళ్లో సుఖపడిన దాఖలా లేదు, కావాలంటే రాసిస్తాను. ఇది నాకు ఎప్పుడు బోధపడిందో కూడా తేదీతో సహా చెప్పగలను.

2014 జనవరి 28, మంగళవారం. ఆ రోజు పడింది రెండున్నర అంగుళాల మంచు. మీ న్యూజెర్సీలో దానికి మంచని పేరు కూడా పెట్టరు. ఇక్కడ మధ్యాహ్నం మంచు మొదలవగానే స్కూళ్లు, ఆఫీసులు, దుకాణాలు అన్నీ ఒకేసారి జనాన్ని వదిలేశాయి. అందరూ ఒకేసారి రోడ్డెక్కారు. ఉప్పు జల్లే బళ్లు ఆ ట్రాఫిక్‌లోనే ఇరుక్కుపోయాయి. టైర్ల కింద మంచు కరిగి, సాయంత్రం చలికి మళ్లీ గడ్డకట్టి, రోడ్డంతా నూనె రాసిన పెనంలా తయారైంది. ఆ రాత్రి వేలమంది పిల్లలు స్కూళ్లలోనే పడుకున్నారు. 285 మీద ట్రాఫిక్‌లోనే ఒకావిడ ఆడపిల్లని కనేసింది కూడా.

నేను పెరిమీటర్ దగ్గర ఆఫీసులోంచి ఒంటిగంటకి బయల్దేరాను. అప్పట్లో మా అపార్ట్‌మెంట్ ఆల్ఫరెట్టాలో, మామూలుగా పాతిక నిమిషాలు. చాటహూచీ నది దాటేసరికి రాత్రి ఏడున్నర. నది దాటాక 400 హైవే ఎత్తెక్కుతుంది. అక్కడ పెద్ద ట్రక్కులు అడ్డంగా తిరిగిపోయి ఉన్నాయి. తొమ్మిదిన్నరకి హోల్కోంబ్ బ్రిడ్జి రోడ్డు ఎగ్జిట్ దగ్గర నా కారు తనంతట తానే పక్కకి జారి రెయిలింగుకి ఆనుకుంది. ఫోన్లో 11 శాతం ఉంది. మా ఆవిడకి ఫోన్ చేసి నడిచొస్తున్నానన్నాను. "ఎక్కడ నడుస్తారు? అక్కడ దారుందా?" అంది. ఉందనే అన్నాను. నాలుగేళ్లుగా రోజూ వెళ్లే దారి కదా, ఉండదా?

ఆఫీసు బూట్లు, పల్చటి జాకెట్టు. ఎగ్జిట్ ఎక్కేలోపే రెండుసార్లు పడ్డాను. పైన ఒక అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర డెబ్బై ఏళ్ల నల్లజాతి పెద్దావిడ మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులోంచి కోకో పోసి వచ్చేపోయేవాళ్లకి ఇస్తోంది. నా కాళ్లవైపు చూసి "బేబీ, ఆ బూట్లిప్పు" అంది. ఇక్కడి ముసలమ్మలకి అందరూ బేబీలే. సంచీలోంచి రెండు ఖాళీ బ్రెడ్డు కవర్లు తీసి, సాక్సుల మీద తొడుక్కుని పైన బూట్లేసుకోమంది. చిన్నప్పుడు వాళ్లమ్మ అలాగే తొడిగేదట. కవర్లో ఇంకా బ్రెడ్డు పొడి ఉంది, అది వేళ్ల మధ్య గరగరలాడటం నాకిప్పటికీ గుర్తే. ఇంటికెళ్లేదాకా కాళ్లు తడవలేదు. దక్షిణాది మర్యాద అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ కవర్ల సంగతే. ఆవిడ పేరు అడగాలని కూడా తోచలేదు నాకు.

అక్కడినుంచి హైవే 9 మీదుగా ఐదు మైళ్లు ఉంటుంది. మూడున్నర గంటలు పట్టింది. చలి సంగతి అటుంచండి. రోజూ వెళ్లే దారిలో నాకు ఒక్క ముక్క తెలియదని ఆ రాత్రి అర్థమైంది. ఒక చర్చి పక్కన పాత సమాధులున్నాయి, రాళ్లు ఒరిగిపోయి. రోడ్డు కింద నుంచి వాగు పోతోంది, ఆ చప్పుడు కార్లో ఎప్పుడూ వినబడలేదు. ఫుట్‌పాత్ ఒక దుకాణం ముందు వరకు బ్రహ్మాండంగా ఉంటుంది, దుకాణం దాటగానే పొదలో కలిసిపోతుంది. తర్వాత బురద, గడ్డి, మళ్లీ వంద గజాలు కాంక్రీటు, మళ్లీ ఏమీ లేదు. పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. జీబ్రా క్రాసింగు కోసం చూస్తే అర మైలు దాకా లేదు. ఇంటికి చేరేసరికి ఒంటిగంటా ఇరవై. మా ఆవిడ తలుపు తీసి ముందు నా కాళ్లే చూసింది. బూట్లలోంచి బ్రెడ్డు కంపెనీ పేరు బయటికి కనబడుతోంది.

రైలుండాల్సింది కదా అంటారేమో. ఉంది. మార్టా అని ఇక్కడి సిటీ రైలు నేరుగా విమానాశ్రయం లోపలికే వెళ్తుంది, అది మాత్రం నిజంగా సుఖం. కానీ ఉత్తరాన నార్త్ స్ప్రింగ్స్‌తో ఆగిపోయింది, 2000లో ఆ స్టేషను తెరిచాక అటువైపు ఒక్క మైలు కూడా కదల్లేదు. సువానీ ఉన్న గ్విన్నెట్ కౌంటీలో 1971లో, 1990లో, 2019లో మార్టా కావాలా అని ఓటింగ్ పెడితే మూడుసార్లూ వద్దన్నారు. 2019లో మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన 'రైలొస్తే అడ్డమైనవాళ్లూ వస్తారు, ఇళ్ల రేట్లు పడిపోతాయి' అని రాశాడు. హైదరాబాద్‌లో మెట్రో పక్కన ఫ్లాటు కొన్నానని అంతకుముందు వారమే అదే గ్రూపులో ఫొటో పెట్టిన మనిషి.

ఇంత చెబుతున్న నేను ఎక్కడున్నానంటారా? 2018లో ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొన్నాను. ఆఫీసుకి ఇరవై రెండు మైళ్లు. పిల్ల స్కూలు కోసం. నవ్వుకోండి. 1912లో ఈ కౌంటీలోంచి నల్లవాళ్లందర్నీ, వెయ్యిమందికి పైనే, తరిమేశారు. 1987లో ఇక్కడ పౌరహక్కుల ఊరేగింపు తీస్తే రాళ్లు రువ్వారు. ఇప్పుడు అదే కౌంటీలో ఏ స్కూలు బస్టాపు దగ్గర చూసినా మన పిల్లలే. ఆ పాత సంగతులు నాకు ఇల్లు కొన్నాక తెలిశాయి. బ్రెడ్డు కవర్లిచ్చిన పెద్దావిడకి మాత్రం ఈ కౌంటీ పేరు చెబితే వేరేవి గుర్తొస్తాయేమో.

2019 మేలో నాన్న వచ్చాడు. మాది జంగారెడ్డిగూడెం. దిగిన మర్నాడే పెరట్లో మట్టి పిడికిట్లోకి తీసి నలిపి "ఒరేయ్, ఇది మన మెట్ట మట్టేరా, పొగాకెయ్యచ్చు" అన్నాడు. అంత సంబరపడ్డాడు. ఊళ్లో ఉంటే తెల్లారగట్ల ఐదున్నరకి టీకొట్టు దగ్గర ఉండాల్సిందే, కాబట్టి ఇక్కడా ఐదున్నరకి బయల్దేరేవాడు. మూడు రోజులు కాలనీలోనే గుండ్రంగా తిరిగాడు. "గానుగెద్దులా ఎన్నిసార్లు తిరగమంటావు" అని నాలుగోరోజు గేటు దాటాడు. గేటు బయట ఫుట్‌పాత్ పట్టుమని డెబ్బై గజాలుండదు, తర్వాత గడ్డి, గుంట. గుంటలోంచే నడుస్తుంటే పోలీసు కారు ఆగింది. వచ్చినవాడు మర్యాదస్తుడే, తప్పిపోయాడనుకుని కారెక్కించుకుని ఇంటి దగ్గర దింపి వెళ్లాడు. నాన్న ఊరంతా ఫోన్లు చేసి ఆ కారు గురించి చెప్పుకున్నాడు. నాకు మాత్రం కాళ్లలో వణుకు తగ్గలేదు. మాకు మూడు నాలుగు గంటల దూరంలో అలబామాలోని మాడిసన్‌లో 2015 ఫిబ్రవరిలో కొడుకింటికొచ్చిన గుజరాతీ పెద్దాయన ఇలాగే ఉదయం నడుస్తుంటే, ఎవరో ఫోన్ చేస్తే వచ్చిన పోలీసు ఆయన్ని నేలకేసి కొట్టాడు. ఆయనకి కాళ్లూ చేతులూ సరిగా ఆడకుండా పోయాయి. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. ఒంటరిగా బయటికి వెళ్లొద్దని మాత్రం గట్టిగా అన్నాను. ఎందుకని అడిగితే ఎండ అన్నాను.

ఆ తర్వాత గ్యారేజీ తలుపు పైకెత్తి, కుర్చీ వేసుకుని దాన్నే అరుగు చేసుకున్నాడు. ఎదురింటి తలుపు దానంతటదే లేవడం, కారు లోపలికి పోవడం, తలుపు దిగిపోవడం, రోజంతా ఇదే చూసేవాడు. ఒకరోజు అన్నం తింటూ "ఈ ఊళ్లో మనుషులు కార్లోంచి దిగగా నేను ఒక్కసారీ చూళ్లేదురా" అన్నాడు. మూడు నెలలుంటానని వచ్చిన మనిషి ఏడు వారాలకే టికెట్టు ముందుకి జరుపుకున్నాడు.

మారండి, మారొద్దని నేననను. డబ్బు మిగులుతుంది, మీ ఆస్తిపన్ను మా దగ్గర లేదు. ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు మాత్రం కారు వాకిట్లో వదిలేసి, దగ్గర్లో ఉన్న కొట్టుకి నడిచి వెళ్లి పాలు కొనుక్కురండి. వీలైతే మీ నాన్నగారినో మావగారినో వెంటబెట్టుకెళ్లండి.

మా నాన్న ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడు చివర్లో "ఆ గేటు ముందు బాట పూర్తి చేశారా?" అని అడుగుతాడు. కిందటేడు ఎవరో వచ్చి కొలతలు వేసి గడ్డిలో చిన్న చిన్న గులాబిరంగు జెండాలు పాతి వెళ్లారు. జెండాల వరకు వచ్చిందని చెప్పాను.