ఇంగ్లండ్‌లో సపోర్టెడ్ లివింగ్: లెర్నింగ్ డిజబిలిటీ (మేధో వైకల్యం) ఉన్న పెద్దవాళ్లకు సంరక్షణ సరిగ్గా అందుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

సపోర్టెడ్ లివింగ్ అంటే తన పేరిట ఉన్న అద్దె ఇంట్లో ఉంటూ సిబ్బంది సాయం పొందడం. సీక్యూసీ (సంరక్షణ సేవలను తనిఖీ చేసే సంస్థ) ఇచ్చే రేటింగ్ ఒక్కటే చూసి నమ్మకండి. వాళ్లు తనిఖీ చేసేది స్నానం, తిండి వంటి వ్యక్తిగత సంరక్షణనే, ఇంటిని కాదు. అద్దె ఒప్పందం ఆ మనిషి పేరిట ఉంటుంది కనుక సిబ్బంది తలుపు తట్టి రావాలి.

ముందు రోటా (ఎప్పుడు ఏ సిబ్బంది వస్తారో చూపే పట్టిక) అడగండి. ఏజెన్సీ పంపే తాత్కాలిక సిబ్బంది తరచూ మారిపోతుంటే, మాటలు రాని మనిషికి నొప్పి ఉన్నా గుర్తుపట్టేవారుండరు. రోజువారీ నోట్సులో "బాగానే ఉన్నాడు" అని మాత్రమే ఉంటే అది పనికిరాదు. ఏం తిన్నాడు, ఏది వద్దన్నాడు అన్నది కావాలి. మలబద్ధకం ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి, మలవిసర్జన చార్టులో ఖాళీలుంటే నిలదీయండి. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ఏటా హెల్త్ చెక్ జరగాలి. మానసిక రోగం లేకుండా, కేవలం ప్రవర్తన కోసం యాంటీసైకోటిక్ (తీవ్ర మానసిక రోగాలకు వాడే మందు) ఇస్తుంటే మందుల సమీక్ష కోరండి.

కాగితం మీది వన్-టు-వన్ గంటలు (ఆ ఒక్కరికే ఒక సిబ్బంది తోడుండే సమయం) టీవీ ముందే గడిచిపోతున్నాయా? కేర్ యాక్ట్ 2014 కింద కౌన్సిల్‌ను (స్థానిక ప్రభుత్వాన్ని) సంరక్షణ ప్రణాళిక రివ్యూ అడగొచ్చు.