చీరల ఫొటోలు, వీడియోలు మనమే తీసుకోవచ్చా? ఇంట్లో పోచంపల్లి చీరలు అమ్ముతున్న నా అనుభవం

ఉప్పల్‌లో ఇంటి నుంచే చీరలు అమ్ముతున్నామని, ఫొటోలు, రీల్స్ చేసిపెట్టడానికి ఒక ఏజెన్సీ నెలకు పదిహేను వేలు అడుగుతోందని, అది ఇవ్వాలా లేక అరవై వేలు పెట్టి కెమెరా కొనాలా అని అడిగారు. మొదటి ఏడాది ఆ రెండూ వద్దండీ. నాదీ అదే పని, వనస్థలిపురంలో. ఏజెన్సీ ముచ్చట మూడు నెలలు తీర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

వాళ్లు తీసిన వీడియోలు చాలా బాగుండేవి, చీరకంటే బాగుండేవి. అక్కడే దెబ్బ తిన్నాను. ఒక నెలలో పంపిన నలభై చీరల్లో తొమ్మిది తిరిగొచ్చాయి. అందరిదీ ఒకటే మాట, "రంగు ఇది కాదండీ" అని. కొరియర్ ఖర్చు రానూపోనూ నా నెత్తినే పడింది. ఆ తర్వాత ఫొటో ఎంత అందంగా ఉందో చూడటం మానేశాను. పార్శిల్ విప్పినవాళ్లకు ఫొటోలో చూసిన చీరే కనిపించాలి, అంతే.

రంగు ఎందుకు మారుతుందంటే, గదిలో కిటికీ నుంచి ఎండ వెలుగు, పైన తెల్ల ఎల్‌ఈడీ, బీరువాలో పసుపు లైటు అన్నీ కలిసి పడుతుంటాయి. దేని ప్రకారం రంగు సరిచేయాలో ఫోన్‌కు తెలియదు. వంగపండు రంగు నీలమవుతుంది, మెరూన్ గోధుమలోకి దిగుతుంది. అందుకని లైట్లన్నీ ఆపేసి ఒక్క కిటికీ వెలుగులోనే తీయండి. ఉత్తరం కిటికీ ఉంటే అదృష్టమే, మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు దాన్నుంచి ఎండ నేరుగా పడదు. లేకపోతే కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. రెండో పక్క థర్మోకోల్ షీట్ నిలబెడితే మడతల్లో నీడలు తగ్గుతాయి. జరీ చీరను ఎండలో తీస్తే జరీ అంతా తెల్లటి మరకలా వస్తుంది. ముసురు పట్టిన రోజు నాకు పండగే, ఆ రోజు ఇరవై చీరలు తీసేస్తాను.

మనం సరిగ్గా తీసినా అవతలివాళ్ల ఫోన్ తెర మన చేతిలో లేదు. కొన్ని తెరలు రంగుల్ని ఎక్కువ చేసి చూపిస్తాయి, కొందరు రాత్రిళ్లు పసుపు తెర పెట్టుకుని చూస్తారు. దీనికి నేను చేసే పని చూసి మావాళ్లు నవ్వుతారు. చీర పక్కన ఒక వంకాయో, మామిడాకో, రెండు కనకాంబరాలో పెట్టి ఒక ఫొటో అదనంగా తీస్తాను. వంకాయ రంగు తెలియని ఇల్లు ఉండదు కదా. తెర ఎలా ఉన్నా చీర రంగును దానితో పోల్చుకుంటారు. కాకపోతే వాడిపోయిన వంకాయ పనికిరాదు, పొద్దున బండి మీద కొన్నదే పెట్టాలి.

నెమలికంఠం చీరలకు మాత్రం ఫొటో చాలదు. పడుగు, అంటే నిలువు పోగులు ఒక రంగు, పేక, అంటే అడ్డ పోగులు ఇంకో రంగు, కొంగు కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. వాటికి వీడియోనే. చేతిలో పట్టుకుని కిటికీ ముందు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే పది సెకన్లు చాలు.

ఇక్కత్ అమ్మితే ఇంకో పని తప్పకుండా చేయండి, చీర వెనకవైపు చూపించండి. మా అత్తగారిది భూదాన్ పోచంపల్లి, ఆవిడ చెప్పిన కిటుకు ఇది. ఇక్కత్‌లో నూలుకు చిటికి కట్టి, అంటే డిజైన్ ప్రకారం అక్కడక్కడా బిగించి కట్టి, రంగు అద్దాకే మగ్గం మీదికి ఎక్కిస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింట్ చీరను తిప్పితే చాలావరకు వెలిసినట్టు ఉంటుంది. నాకు ఎక్కువ ఆర్డర్లు తెచ్చిన వీడియోలో సంగీతం లేదు, మనిషి ముఖం లేదు. చీర తిప్పి చూపించిన నా చేతులే ఉన్నాయి.

మిగతావి చిన్న విషయాలు. వీడియో నిలువుగా తీయండి. తప్పనిసరై లైట్ల కింద తీసినప్పుడు నల్ల చారలు పాకుతుంటే ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌కు వెళ్లి, షట్టర్ వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్ల దగ్గర అది పనిచేస్తుంది. మాట రికార్డ్ చేయడానికి చీరల గదిని మించింది లేదు, ఇంత బట్ట మధ్య గది మోగదు. కుక్కర్ విజిల్ సంగతి మాత్రం ముందే చూసుకోండి. వ్యాపార ప్రచారానికి సినిమా పాటలు వాడే హక్కు మనకు ఉండదు, ఉచితంగా ఇచ్చే సంగీతమే పెట్టుకోండి. చార్మినార్, గోల్కొండ దగ్గర షూటింగ్ చేద్దామని ముచ్చటపడకండి. అవి పురావస్తు శాఖ కట్టడాలు, ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి కావాలి.

వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే నలిగిపోతుంది, హెచ్‌డీ నొక్కి పంపండి. ధర దాచి "ఇన్‌బాక్స్‌కి రండి" అనడం నాకు నచ్చదు. ధర రాయడం మొదలుపెట్టాక మెసేజ్‌లు తగ్గాయి, కొనేవాళ్లు తగ్గలేదు. ఇంకొకరి ఫొటోలు మాత్రం ఎత్తుకోవద్దు. హోల్‌సేల్ వాళ్లు ఇచ్చిన ఫొటో పెట్టినప్పుడు అదే ఫొటో రెండొందలు తక్కువకు ఇంకో పేజీలో ఉందని ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపింది. తల తీసేసినట్టయింది. మీ చీర కట్టి చూపించే అమ్మాయి ఎవరైనా, ముఖం కనిపించొచ్చా లేదా అని ముందే అడగండి. మా తోడికోడలు మెడ కిందికే అంది, అలాగే తీస్తాను.

నా ఖర్చు అడుగుతారేమో. ఫోన్ నాలుగేళ్ల కిందటిదే. కోఠి గుజరాతీ గల్లీలో ట్రైపాడ్ తొమ్మిది వందలు, కాలర్ మైక్ ఆరు వందలు. థర్మోకోల్ ఫ్రిజ్ డబ్బాలోది. పంచె మా మామయ్యగారిది, ఆయన ఇంకా బీరువాలో వెతుక్కుంటున్నారు.