యూరోపియం దగ్గర గ్రాఫ్ ఎందుకు లేస్తుంది?

లాంథనైడ్లలో (లాంథనం నుంచి లుటీషియం దాకా వరుసగా ఉండే లోహాలు) పరమాణువు సైజు తగ్గుకుంటూ పోతుందని చదివాం, మరి టేబుల్లో యూరోపియం, యిటర్బియం అంత పెద్దగా ఉన్నాయేంటి, అచ్చుతప్పా అని అడిగారు. కాదండీ. నేనూ అదే అనుకుని మార్కులు పోగొట్టుకున్నాను.

అనంతపురంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు హాస్టల్ గదిలో కూర్చుని లాంథనం నుంచి వరుసగా గ్రాఫ్ షీటు మీద చుక్కలు పెడుతూ పోతే సమేరియం 180 పికోమీటర్లు, యూరోపియం 199, గాడోలినియం మళ్లీ 180. జిరాక్స్ నోట్సు కదా, 179 బదులు 199 పడుంటుందిలే అని నేనే దిద్దేసి, ఇంటర్నల్ పరీక్షలో నున్నటి గీత గీసి వచ్చాను. సార్ ఎర్ర సిరాతో రెండుచోట్ల చుట్టి ఇచ్చారు.

ముందు మీ టేబుల్ పైన ఏ వ్యాసార్థమని ఉందో చూడండి. 3+ అయాన్లదైతే (అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువులదైతే) ఎక్కడా గుట్ట రాదు, లాంథనం 103 నుంచి లుటీషియం 86 దాకా దిగుతూనే పోతుంది. కేంద్రకంలో ప్రోటాన్లు 14 పెరుగుతాయి, వాటి ఆకర్షణకు అడ్డం నిలబడాల్సిన లోపలి 4ఎఫ్ ఎలక్ట్రాన్లేమో మన చేల చుట్టూ వేసే కంపదడి లాంటివి, అన్నీ సందులే, అందుకే బయటి ఎలక్ట్రాన్లు లోపలికి లాగబడతాయి.

లోహం సంగతి వేరు. అక్కడ కొలిచేది పక్కపక్క పరమాణువుల కేంద్రకాల మధ్య దూరంలో సగం. మిగతావి దాదాపు అన్నీ లోహబంధానికి తలా మూడు ఎలక్ట్రాన్లు ఇస్తాయి. యూరోపియం సగం నిండిన ఎఫ్‌ని (ఏడు), యిటర్బియం పూర్తిగా నిండిన ఎఫ్‌ని (పద్నాలుగు) పట్టుకుని కూర్చుని రెండే ఇస్తాయి. బంధం వదులు, పరమాణువులు ఎడం. సాంద్రత చూడండి: ఘన సెంటీమీటరుకు సమేరియం 7.5 గ్రాములు, గాడోలినియం 7.9, మధ్యలో యూరోపియం 5.2 మాత్రమే. నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే, రెండు వేర్వేరు టేబుళ్లలో ఒకే మూలకం దగ్గర అచ్చుతప్పు పడదు కదా.

2023లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు మన అనంతపురం జిల్లా దంచెర్ల, పెద్దవడుగూరు వైపు సైనైట్ అనే అగ్నిశిలల్లో ఈ మూలకాలున్నాయని చెప్పారు. రాళ్లలో పనికొచ్చేది అయాన్ల గ్రాఫే: లాంథనం, సీరియం లాంటి పెద్దవి మోనజైట్ అనే ఖనిజంలో ఎక్కువగా చేరతాయి, చివర్లో ఉన్న చిన్నవి జిర్కాన్ అనే ఖనిజంలో బాగా ఇముడుతాయి. యూరోపియం అక్కడా కుదురుగా ఉండదు లెండి, ఒక్కోసారి 2+గా మారి, సైజులో స్ట్రాన్షియంకి దాదాపు సమానం కాబట్టి ఫెల్డ్‌స్పార్ ఖనిజంలో దూరిపోతుంది.

పరీక్షలో మాత్రం గ్రాఫ్ పక్కన "లోహ వ్యాసార్థం" అనో "అయాన్ వ్యాసార్థం" అనో రాయడం మరిచిపోకండి.