అట్లాంటా ఫైనల్‌కు వస్తున్న మా చిన్నాకు (2025 జనవరి)

చిరంజీవి చిన్నాకు,

బాబాయి ఆశీస్సులు. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి టికెట్ దొరికిందని నువ్వు రాత్రి ఫోన్ చేసి చెప్పగానే మీ పిన్నిని నిద్ర లేపి మరీ చెప్పాను. కొలంబస్‌లో చదువుకుంటున్న పిల్లాడివి, మీ ఒహాయో స్టేట్ జట్టు ఫైనల్‌కి రావడం, ఆ ఆట మా అట్లాంటాలోనే జరగడం, నువ్వు మా ఇంట్లో దిగడం, ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. కానీ ఫోన్ పెట్టేసే ముందు ఒక మాటన్నావు. "ఆట నాకేం తెలీదు బాబాయ్, ఊరికే ఫ్రెండ్స్‌తో వస్తున్నా" అని. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఈ దేశం వచ్చిన కొత్తలో నేనూ ఏళ్ల తరబడి ఈ ఆటని చుట్టపుచూపుగానే చూశాను. నువ్వు అలా చూడకూడదనే ఈ ఉత్తరం.

ముందు ఆట సంగతి. పది యార్డులు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్కో ప్రయత్నం ఒక డౌన్. పది యార్డులు దాటితే మళ్లీ నాలుగు. దాటకపోతే బంతి అవతలివాళ్లది. పెద్ద తెరలో 'థర్డ్ అండ్ సెవెన్' అని కనిపిస్తే ఇది మూడో ప్రయత్నం, ఇంకా ఏడు యార్డులు కావాలని అర్థం. బంతిని అవతలి చివర గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, ఆ తర్వాత కిక్‌కి ఒకటి. బంతిని అక్కడి స్తంభాల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, దానికి మూడు. మిగతా రూల్స్ పక్కనున్న వాళ్లని అడుగు. ఇక్కడివాళ్లు ఈ ఆట గురించి చెప్పమంటే చాలు, ప్రాణం లేచొచ్చినట్టు చెబుతారు.

నాలుగో డౌన్ మాత్రం వదలకు. మూడు ప్రయత్నాల్లో పని కాకపోతే చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు, లేదా దగ్గరుంటే ఫీల్డ్ గోల్ కొడతారు. ఒక్కోసారి తెగించి ఆడతారు. మన కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిదనుకో. మొన్న శుక్రవారం సెమీఫైనల్లో టెక్సాస్ టచ్‌డౌన్‌కి ఒక్క యార్డు దూరంలో నిలబడింది. స్కోర్ సమం అవుతుందని నేను సోఫా అంచుకి జరిగి కూర్చున్నాను. రెండో డౌన్‌లో మీ వాళ్లు ఏడు యార్డులు వెనక్కి నెట్టారు. నాలుగో డౌన్‌లో మీ జాక్ సాయర్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) చేతిలో బంతిని కొట్టి పడగొట్టి, తనే ఏరుకుని 83 యార్డులు పరుగెత్తాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో సాయర్‌కి రూమ్‌మేటే. 28-14తో గెలిచారు. ఆ ఒక్క నాలుగో డౌన్ అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే.

స్టేడియంలో కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. క్రికెట్ అలవాటుకొద్దీ మనవాళ్ల చేతికి బంతి రాగానే అరవడం మొదలుపెడతాం. ఇక్కడ పద్ధతి తిరగేసి ఉంటుంది. మనవాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండాలి. అవతలివాళ్ల దగ్గర ఉన్నప్పుడు, అందులోనూ మూడో డౌన్‌లో, గొంతు పోయేలా అరవాలి. క్వార్టర్‌బ్యాక్ ఆఖరి క్షణంలో ఎత్తుగడ మార్చి తనవాళ్లకి కేకేసి చెబుతాడు. ఆ కేక వినపడకపోతే ఎవడో ఒకడు ముందే కదిలిపోతాడు, ఐదు యార్డులు వెనక్కి పంపిస్తారు. ఈ సీజన్ నుంచే హెల్మెట్‌లో కోచ్ మాట వినిపించే ఏర్పాటు పెట్టారు కానీ, ప్లే క్లాక్‌లో (ఒక్కో ప్రయత్నం మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు) 15 సెకన్లు మిగిలేసరికి అది ఆగిపోతుంది. ఆ తర్వాత వాళ్లకి మిగిలేవి చెవులే. నీ అరుపు కూడా అక్కడ లెక్కలోకి వస్తుంది చిన్నా, నిజంగానే వస్తుంది.

బంతినే చూస్తూ కూర్చోకు. పై వరుసలో సీటు వచ్చిందని బాధపడ్డావు కానీ, మొదటిసారి చూసేవాడికి అదే మంచిది, రెండు జట్ల అమరిక మొత్తం కనిపిస్తుంది. బంతి కదలకముందు, ఎదురెదురుగా వంగి కూర్చున్న ఆ లావుపాటి వాళ్లని చూడు. పేపర్లో వాళ్ల పేర్లు రావు. వాళ్లు రెండు సెకన్లు ఆపితేనే మీ క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ బంతి విసరగలడు. తర్వాత కుడి, ఎడమ అంచుల్లో మీ జట్టులో పాస్‌లు అందుకునే జెరెమయా స్మిత్ ఎక్కడ నిలబడ్డాడో వెతుకు. మొదటి సంవత్సరం కుర్రాడు. అతనికి ఇద్దరు కాపలా ఉంటే ఇంకెక్కడో ఒకచోట ఖాళీ ఉన్నట్టే.

ఇప్పుడు నా బాధ ఒకటి చెబుతాను. ఇదే స్టేడియంలో 2018 జనవరి 8న ఫైనల్ జరిగింది. జార్జియాకి, అలబామాకి. మీ తమ్ముడికి అప్పుడు పదకొండేళ్లు, జార్జియా అంటే ప్రాణం. సగం ఆటకి జార్జియా 13-0తో ముందుంది. మూడో క్వార్టర్ అయ్యేసరికి 20-10. మర్నాడు మంగళవారం, నాకు ఆఫీసు, వాడికి బడి. రైల్లో రద్దీ అవుతుందని, ఎలాగూ గెలుస్తారులే అని వాడిని బలవంతంగా లేపి తీసుకొచ్చేశాను. రైల్లో ఎవరి ఫోన్లోనో విన్నాం. అలబామా సమం చేసింది, ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, రెండో సగంలో దిగిన టువా టాంగోవైలోవా అనే కొత్త కుర్రాడు మొదట 16 యార్డులు వెనక్కి పడిపోయి, ఆ వెంటనే 41 యార్డుల పాస్‌తో ఆట ముగించాడు. 26-23. జార్జియా ఓడిపోయినందుకు కాదు, అది చూడనివ్వనందుకు వాడు ఇల్లు చేరేదాకా ఏడ్చాడు. అది నేను వాడికి తిరిగి ఇవ్వలేనిది. నువ్వు మాత్రం ఎంత తేడా ఉన్నా, ఎవరు లేచి వెళ్లినా, గడియారం సున్నా అయ్యేదాకా సీట్లోంచి లేవకు. ఆట అయ్యాక కూడా కాసేపు ఉండు. గెలిచినా ఓడినా మీ ఆటగాళ్లు, విద్యార్థులు భుజాల మీద చేతులేసుకుని యూనివర్సిటీ పాట పాడతారు. ఆ పాట నేర్చుకుని రా, పెద్దది కాదు.

ఓడితే ఏ ఒక్కడినీ తిట్టకు. 2022 డిసెంబర్ 31న ఇక్కడే సెమీఫైనల్లో మీ కిక్కర్ 50 యార్డుల ఫీల్డ్ గోల్ తప్పాడు. కొత్త సంవత్సరం గంట కొట్టే వేళకి బంతి ఎడమ పక్కకి పోయింది, 42-41తో ఓడిపోయారు. అతనూ నీ వయసు విద్యార్థే. మొన్న నవంబరులో మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు కోచ్ రయన్ డేని ఎన్నెన్ని మాటలన్నారో నువ్వే కొలంబస్‌లో విన్నావు కదా. ఈ సీజన్‌లోనే మొదటిసారి పన్నెండు జట్లతో ప్లేఆఫ్ (ఛాంపియన్‌ని తేల్చే చివరి పోటీలు) పెట్టారు. పాత పద్ధతిలో నాలుగే జట్లుండి ఉంటే రెండు ఓటములున్న మీ జట్టుకి చోటు దొరకడం కష్టమయ్యేది. ఆ జట్టే ఇప్పుడు టెనెసీ, ఆరెగాన్, టెక్సాస్‌లని దాటి వచ్చింది.

అవతలి నోట్రడామ్‌ని కూడా గౌరవంగా చూడు. వాళ్ల కోచ్ మార్కస్ ఫ్రీమన్ మీ ఒహాయో స్టేట్‌లోనే ఆడినవాడు. ఈ ఫైనల్‌కి జట్టుని తెచ్చిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్. అది కూడా కింగ్ పుట్టిన ఊళ్లో, మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినం నాడు. పొద్దున్న వీలుంటే ఆబర్న్ అవెన్యూకి వెళ్దాం, ఆయన సమాధి దగ్గరకి. నేనే తీసుకెళ్తాను.

ఇక పనులు. ఆదివారం రాత్రికల్లా వచ్చెయ్యి. బ్యాక్‌ప్యాక్ లోపలికి రానివ్వరు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ బ్యాగ్ మాత్రమే, పిన్ని ఒకటి తీసి పెట్టింది. టికెట్ ముందురోజే ఫోన్ వ్యాలెట్‌లో వేసుకో, గేటు దగ్గర నెట్ అందదు, స్క్రీన్‌షాట్ చెల్లదు. లోపల నగదు తీసుకోరు, కార్డు ఉంచుకో. కారు వద్దు. నార్త్ స్ప్రింగ్స్‌లో రెడ్ లైన్ రైలు ఎక్కి, ఫైవ్ పాయింట్స్‌లో మారితే పడమటి వైపు తర్వాతి స్టేషనే. ఆట ఏడున్నరకైనా నాలుగింటికే బయల్దేరు. ఎర్ర స్వెటర్ వేసుకో. దారిలో ముక్కూమొహం తెలియనివాడు "ఓ-హెచ్" అని కేకేస్తే "ఐ-ఓ" అని తిరిగి అరిచెయ్, రెండూ కలిస్తే ఒహాయో. సిగ్గుపడకు. నీ డిపార్ట్‌మెంట్‌లో ఏడాదిన్నరగా నీతో మాట్లాడని వాళ్లు కూడా ఆ రాత్రి నీ భుజం మీద చెయ్యేస్తారు.

అర్ధరాత్రి దాటినా పర్వాలేదు, నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టుకుని నీకోసం చూస్తుంటాను. మంగళవారం సెలవు పెట్టాను. మీ తమ్ముడు కూడా నాతో వస్తానంటున్నాడు, ఆఖరి ఐదు నిమిషాలు నీ నోటే వినాలట.

మీ బాబాయి