అంబు బ్యాగ్ (ఊపిరి ఆడనివాళ్లకు ముఖానికి మాస్క్ పెట్టి, చేత్తో పిండి గాలి పంపే సంచి) పట్టుకున్నప్పుడు ఊపిరి సరిగ్గా వెళ్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మీరు ఒడిశాలో గునుపూర్ వైపు అంబులెన్స్ డ్యూటీలో కొత్తగా చేరానని, ట్రైనింగ్‌లో బొమ్మ మీద బాగానే వచ్చింది గానీ పేషెంట్ దగ్గర చేతులు వణుకుతున్నాయని రాశారు. నేను రాయగడ, పర్లాకిమిడి రోడ్ల మీద తొమ్మిదేళ్లుగా ఈఎంటీగా, అంటే అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే సిబ్బందిగా చేస్తున్నాను. నాకు ఈ పని నేర్పింది ఒక్క కేసు.

వానాకాలం. కొండ మీది ఊరు. పదహారేళ్ల కుర్రాడు రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడట. మేం వెళ్లేసరికి రెప్పలు సగానికి వాలిపోయాయి, ఉమ్ము మింగలేక పెదవి పక్కనుంచి కారుతోంది. ఒంటి మీద గాటు కనపడలేదు. ఇంట్లోవాళ్లు నిద్రమత్తు అనుకున్నారు. కట్లపాము కాటు ఇలాగే ఉంటుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. విషం నరాల నుంచి కండరాలకు కబురు అందనివ్వదు. గుండె ఆడుతూనే ఉంటుంది, ఊపిరి తీసే కండరాలు మాత్రం పడిపోతాయి.

బండి కదిలిన కాసేపటికే ఊపిరి ఆగింది. నాడి బాగానే అందుతోంది. నేను టెన్షన్‌లో బ్యాగ్‌ని గట్టిగా, గబగబా పిండేశాను. ఛాతీ లేవలేదు, పొట్ట ఉబ్బింది. కాసేపటికి వాంతి పైకొచ్చింది. వెంటనే పక్కకు తిప్పి సక్షన్ పెట్టాం, అంటే గొట్టంతో నోట్లోది లాగేశాం. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే.

అందుకే మీ కళ్లు ఛాతీ మీదే ఉండాలి. ఒక సెకను పాటు మెల్లగా పిండండి, ఛాతీ లేవగానే వదిలేయండి. పెద్దవాళ్లకు 500-600 మిల్లీలీటర్లు చాలు. బ్యాగ్‌లో అంతకు రెండింతలు పైనే ఉంటుంది, మొత్తం పిండక్కర్లేదు. నాడి ఉంటే 6 సెకన్లకు ఒకసారి, పిల్లలకైతే 2-3 సెకన్లకు ఒకసారి. నాడి లేకపోతే సంగతి వేరు, పెద్దవాళ్లకు ఛాతీ మీద 30 నొక్కులకు 2 ఊపిర్లు.

ఛాతీ లేవకపోతే ఇంకా గట్టిగా పిండకండి. ఎక్కువసార్లు నాలుక వెనక్కి జారి దారి మూసుకుపోయి ఉంటుంది. తల వెనక్కి వాల్చి గడ్డం ఎత్తండి. యాక్సిడెంట్ కేసైతే మెడ కదపకుండా దవడను మాత్రం ముందుకు తొయ్యండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ చుట్టూ పెట్టి, మిగతా మూడు వేళ్లతో దవడను మాస్క్‌లోకి లాగండి. ఆ మూడూ ఎముక మీదే ఉండాలి, గడ్డం కింద మెత్తటి చోట నొక్కితే నాలుక ఇంకా అడ్డం పడుతుంది. ముసలివాళ్ల కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే తీయకండి, తీస్తే బుగ్గలు లోపలికి పోయి మాస్క్ పక్కల్నుంచి గాలి పోతుంది. ఇంకో మనిషి ఉంటే మాస్క్ మీరు రెండు చేతులా పట్టుకుని బ్యాగ్ వాళ్లకివ్వండి.

ఆ రోజు చివరికి నేను చేసింది అదే. బ్యాగ్ కుర్రాడి బాబాయి చేతికిచ్చాను. వాళ్లమ్మ అతని కాళ్ల దగ్గర కూర్చుని ఒడియాలో "ఎకొ, దుయి, తిని" అంటూ లెక్కపెట్టింది. ఆరుకి రాగానే ఆయన పిండేవాడు. గంటకు పైగా అలాగే వెళ్లాం. రక్తంలో ఆక్సిజన్ 70ల నుంచి 96 శాతానికి ఎక్కింది.

ఇంకో మాట. కట్లపాము కాటులో రెప్ప తెరవకపోయినా, కంటిపాప వెలుతురుకి కదలకపోయినా మనిషి పోయాడనుకోవద్దు. చాలామందికి స్పృహ ఉంటుంది, మన మాటలు వినపడతాయి. అతని ముందు "ఇక లాభం లేదు" అనే మాట రానివ్వకండి. ఆ కుర్రాడు మూడు రోజులు వెంటిలేటర్ మీద ఉండి లేచాడు. చూడ్డానికి వెళ్తే చెప్పాడు, దారిలో వాళ్లమ్మ నాలుగు దగ్గర ఆగిపోయి ఏడ్చినప్పుడు చాలా భయమేసిందని.