ప్రాజెక్టు పనికి గ్రంథాలయంలోని రిఫరెన్స్ విభాగం, డేటాబేస్‌లు ఇంకా అవసరమా?

అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నప్పుడు ప్రాజెక్టు రాసే విద్యార్థి ప్రజా గ్రంథాలయంలోని రిఫరెన్స్ విభాగానికి, అది చందా కట్టే డేటాబేస్‌లకు, అంటే పత్రికల వ్యాసాలను వెతికి చదువుకునే ఆన్‌లైన్ సూచికలకు, వెళ్లవలసిన అవసరం ఏముందని మీరు అడిగారు. అవసరం ఉంది. పైగా ఏమీ దొరకక విసిగిపోయిన తరువాత కాకుండా, వెతకడం మొదలుపెట్టే రోజే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. ఈ రోజుల్లో సమాచారం దొరకని విద్యార్థులు అరుదు. ఒకే మాట పది చోట్ల కనిపించేసరికి అది రుజువైపోయిందని నమ్మేవారే ఎక్కువ.

మా మేనకోడలు ప్రజారోగ్య చరిత్ర మీద ప్రాజెక్టు కోసం 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో చెలరేగిన కలరాను ఎంచుకుంది. జాన్ స్నో అనే వైద్యుడు ఒక చేతి పంపు నీళ్లే దానికి కారణమని గుర్తించాడనీ, ఆ పంపు పిడి తీయించగానే కలరా ఆగిపోయిందనీ అప్పటికే రాసి పెట్టుకుంది. నేను తోడు వెళ్లాను. రిఫరెన్స్ విభాగంలోని లైబ్రేరియన్ ఆ కాగితం నిదానంగా చదివి, "పిడి తీయగానే ఆగిపోయిందని ఎవరన్నారమ్మా?" అని అడిగారు. "అన్ని చోట్లా అలాగే ఉందండీ" అంది. "అన్ని చోట్లా ఉందంటే ఎవరన్నారో తెలియదన్నమాట. ముందు ఆ డాక్టరు గారే ఏమన్నారో చూద్దాం" అంటూ ఆయన వైద్య చరిత్రకు సంబంధించిన విజ్ఞాన సర్వస్వం ఒకటి దించి, వ్యాసం జోలికి పోకుండా నేరుగా దాని చివర ఉన్న ఆధారాల పట్టిక తెరిచారు. స్నో 1855లో ప్రచురించిన పుస్తకం పేరు అక్కడ దొరికింది.

తరువాత కంప్యూటర్ ముందుకు వెళ్లాము. మామూలు వెతుకుడు గడిలో ఆంగ్లంలో స్నో అని కొడితే మంచు కురవడం గురించిన వ్యాసాలు వరుసకట్టాయి. ఆయన నవ్వి, స్నో గురించి ఇతరులు రాసినవి కావాలంటే ఆ పేరును విషయం గడిలోనూ, స్నో రాసినవే కావాలంటే రచయిత గడిలోనూ వేయాలని చూపించారు. ఈ చిన్న తేడా తెలియక ఎంతమంది పిల్లలు డేటాబేస్‌లు పనికిరావని లేచిపోతున్నారో! కాపీహక్కు ఎప్పుడో తీరిపోయిన పుస్తకం కాబట్టి స్కాన్ ప్రతి ఉచితంగానే తెరుచుకుంది. భయంతో జనం ఆ ప్రాంతం వదిలి పారిపోవడం వల్ల మరణాలు చాలా తగ్గాయనీ, పంపు వాడకం ఆపేనాటికే కొత్త కేసులు బాగా తగ్గుముఖం పట్టాయి కాబట్టి బావిలో కలరా విషం ఇంకా ఉందో లేదో తేల్చి చెప్పలేమనీ స్నో స్వయంగా అందులో రాశాడు. పిడి తీసింది సెప్టెంబర్ 8న. కలరా విజృంభించింది ఆగస్టు 31 రాత్రి నుంచి. మేనకోడలు ఆ పేరా కొట్టేసి, ఆ కథ ఎలా స్థిరపడిందన్నదే ప్రాజెక్టు విషయంగా మార్చుకుంది.

డేటాబేస్‌ల అసలు బలం వాటిలోని నిర్ణీత విషయ పదాలలో, అంటే ప్రతి వ్యాసానికీ అది దేని గురించో చూసి ఒక ఖరారైన జాబితా నుంచి తగిలించే పదాలలో, ఉంది. వైద్య వ్యాసాల సూచికైన పబ్‌మెడ్‌లో హార్ట్ ఎటాక్ అని వెతికినా, అది గుండెపోటుకు వైద్యులు వాడే పేరైన మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్ అనే నిర్ణీత పదం కింద చేర్చిన వ్యాసాలను కూడా తెచ్చిపెడుతుంది. ఇంత సాయం అన్ని డేటాబేస్‌లూ చేయవు. అందుచేత పనికొచ్చే వ్యాసం ఒక్కటి దొరికితే చాలు, దానికి ఏ విషయ పదాలు తగిలించారో చూసుకొని వాటితోనే మళ్లీ వెతకాలి. ఆ వ్యాసం ఎవరిని ఉదహరించిందో చూస్తే వెనక్కి, దానిని తరువాత ఎవరు ఉదహరించారో చూస్తే ముందుకు వెళ్లవచ్చు. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ సమాచార శాస్త్రవేత్త 1964లో, ఏ వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చూపే సూచిక (సైటేషన్ ఇండెక్స్) మొదలుపెట్టింది ఈ రెండో పని కోసమే.

ఇంత సదుపాయం ఉండగా రిఫరెన్స్ గదులు పోటీ పరీక్షల గైడ్లు చదువుకునే చోటుగా మిగిలిపోవడం, ఇంటికివ్వని పుస్తకాలలోంచి పేజీలు చింపుకుపోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆధారాల సంఖ్యను లెక్కపెట్టి మార్కులేసే అధ్యాపకుల మీద ఇంకా ఎక్కువ మండుతుంది, ఎందుకంటే చాట్‌బాట్‌ను అడిగి అసలు లేనే లేని వ్యాసాల పేర్లు పట్టికలో చేర్చే అలవాటు వారి లెక్కల వల్లనే పెరుగుతోంది. అటువంటి పేరు ఎదురైతే ఆ పత్రిక, సంపుటం, పేజీ సంఖ్య మూడూ డేటాబేస్‌లో సరిపోతున్నాయో లేదో చూస్తే క్షణాల్లో తేలిపోతుంది.

చివరగా, వ్యాసం తెరవబోతే డబ్బు కట్టమనే పేజీ వస్తుందని కూడా మీరు రాశారు. కట్టకండి. అదే వ్యాసానికి మీ గ్రంథాలయం ఇప్పటికే చందా కడుతూ ఉండవచ్చు. చాలా గ్రంథాలయాలలో సభ్యత్వ కార్డు సంఖ్యతో ఇంటి నుంచే లోపలికి వెళ్లవచ్చు. అక్కడ లేకపోతే మరో గ్రంథాలయం నుంచి తెప్పించగలరేమో లైబ్రేరియన్‌ను అడగండి. అదీ కుదరకపోతే వ్యాసకర్తకే మర్యాదగా ఈమెయిల్ రాయండి. తమ వ్యాసాన్ని ఎవరో చదువుతామంటే సంతోషంగా పంపేవారే ఎక్కువ.