పైన అడవి, లోపల కోకో తోట

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఏలూరు జిల్లా, కొబ్బరిలో కోకో వేసుకున్నాం. బ్రెజిల్‌లో అడవి చెట్ల కిందే కోకో పెంచుతారని, శాటిలైట్‌లో చూస్తే అది అడవో తోటో తెలీదని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? మరి మ్యాపులు ఎలా గీస్తారు?
– ఓ కోకో రైతు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. బ్రెజిల్‌లో బహియా రాష్ట్రం దక్షిణాన, ఇల్యేవుస్, ఇటబూనా చుట్టుపక్కల ఈ పద్ధతిని కబ్రూకా అంటారు. అడవి మొత్తం నరకరు, కింది పొదలూ చిన్న చెట్లూ కొట్టేసి, పెద్ద చెట్లు కొన్ని నీడకి ఉంచి వాటి కింద కోకో నాటతారు. ఉపగ్రహానికి కనిపించేది పైనున్న ఆకుల కప్పు, కింద ఏముందో దానికేం తెలుస్తుంది? పైగా అక్కడ ఏడాది పొడుగునా వానలు, మబ్బు లేని ఫొటో దొరకడమే కష్టం.

అందుకే ఒక్క ఫొటోని నమ్ముకోరు. ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహాల ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు, సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలో 10 మీటర్లు. వాటికి మబ్బుల్లోంచి చూడగలిగే రాడార్ కలుపుతారు, లేజర్‌తో చెట్ల ఎత్తు కొలుస్తారు. ఇంత చేసినా చివరికి జీపీఎస్ పట్టుకుని తోటలో నడవాల్సిందే. అడవిలో అయితే మోకాలెత్తు మొలక నుంచి ఆకాశమంత మాను దాకా అన్ని వయసుల చెట్లూ ఉంటాయి. కబ్రూకాలో కింద అంతా కోకోనే, మీకు తెలిసిందే కదా, మానుకే అంటుకుని కాయలు, కాళ్ల కింద మందంగా ఎండుటాకులు. రేపు ఆ పెద్ద చెట్టు పడిపోతే దాని చోట ఎదగాల్సిన పిల్లచెట్టు మాత్రం చాలా చోట్ల కనపడదు. మ్యాపులో అడవి అని రాసేస్తే ఈ లోటు ఎవరికీ తెలీదు.

అలాగని మామూలు పొలం రంగు వేసినా తప్పే. తల చుట్టూ బంగారు రంగు జూలుండే చిన్న కోతులు ఆ ప్రాంతంలో తప్ప ఎక్కడా లేవు, అవి ఈ తోటల్లోనూ బతుకుతున్నాయి, అక్కడి పనసపళ్లు తింటాయి (ఆ పనస మన దేశం నుంచి వెళ్లిందే!). 1989లో కోకోకి మంత్రగత్తె చీపురు అనే తెగులు వచ్చి దిగుబడి కుప్పకూలాక చాలామంది నీడచెట్లు కలపకి అమ్మేశారు, కొందరు పశువుల మేతభూమి చేశారు. ఆ పోయినదెంతో తేలాలంటే కబ్రూకాకి విడిగా ఒక రంగు ఉండాలనే నేనంటాను.

మీ తోటదీ ఇదే చిక్కు. డ్రోన్ ఫొటోలో కొబ్బరి మొవ్వులు నక్షత్రాల్లా తేలిగ్గా తెలుస్తాయి, కోకో వాటి నీడలో దాగిపోతుంది. ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంటల నమోదులో) కొబ్బరితో పాటు కోకో కూడా నమోదైందో లేదో ఒకసారి చూసుకోండి.